అప్ప పట్టిన చప్పుడు

పోయిన నెల విజయనగరంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల బల్ల దగ్గర నా పక్కన కూర్చున్నాయన మాట కలిపాడు. తీరా చూస్తే ఆయనది ఖరగ్‌పూరే, అందులోనూ మేమున్న రైల్వే కాలనీ, ట్రాఫిక్ సెటిల్‌మెంటే. ఇంకేం కావాలి! పప్పు కలుపుకునే లోపల ఒక వీధి, సాంబారు వచ్చే లోపల ఇంకో వీధి, కాలనీ అంతా తిరిగేశాం. పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గించి, “అప్ప పోయినాది, తెల్సా అండి? ఏడాది దాటిపోనాది” అన్నాడు.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పందిరి వెనకాల జనరేటరు మీది రేకు మూత ఒకటి టకటక కొట్టుకుంటోంది. ఎవరూ పట్టించుకోవడం లేదు. నా చూపుడువేలు దానంతటదే పైకి లేచింది. “ఉస్స్, వినండి” అన్నాను. బల్ల బల్లంతా నావైపు చూసింది. పెద్దావిడకి ఏదో అయిందనుకున్నారు పాపం. ఆయన మాత్రం ఫక్కున నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వేలు ఎవరిదో ఆయనకి తెలుసు.

అప్ప నాకు చుట్టం కాదు. మావైపు అక్కని అప్ప అంటారు. ఆ వీధిలో పెద్దాచిన్నా, తెలుగువాళ్ళూ బెంగాలీవాళ్ళూ అందరికీ ఆవిడ అప్పే. అరవైల్లో నేను కొత్త కాపురానికి ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు మా పక్క పోర్షను వాళ్ళది. మా ఆయన రైల్వే ఆఫీసులో గుమస్తా, నేను తెలుగు బడిలో పంతులమ్మని. అప్ప భర్త గూడ్సు బండి గార్డు. ఆయన్ని నేను బావగారూ అని పిలిచేదాన్ని. వాళ్ళకి పిల్లల్లేరు. సన్నగా, పొడుగ్గా, ఒక కాలు కొంచెం ఈడుస్తూ నడిచేది అప్ప. కుంటినా మనకంటే ముందే గుమ్మంలో ఉండేది.

మా క్వార్టర్లకీ యార్డుకీ మధ్య ఒక రోడ్డే అడ్డం. గూడ్సు బండి కదిలిందంటే వంటింటి అరల మీద గిన్నెలన్నీ వణికేవి. మేమందరం దానికి అలవాటు పడిపోయాం. అప్ప పడలేదు. ఏదో ఒక గిన్నె మూత సన్నగా కిర్రుకిర్రుమంటే చాలు, తింటున్న కంచం ముందునుంచి లేచిపోయేది. అర దగ్గర నిలబడి ఒక్కో గిన్నె మీద అరచెయ్యి ఆనించేది. ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ పోయి, ఏదో ఒకదాని మీద చెయ్యి పెట్టగానే చప్పుడు ఠక్కున ఆగేది. “దొరికినావే దొంగముండా!” అని దాన్ని నిజంగా తిట్టేది. దాని అడుగున మడతపెట్టిన కాగితం ముక్క ఒకటి దోపి, కచేరీలో కేసు గెలిచిన మనిషిలాగ వచ్చి కూర్చునేది.

తనింటి గిన్నెలతో ఆగితే సరిపోను. మా ఇంట్లో పంకా, ఎదురింటివాళ్ళ తలుపు, వీధి కొళాయి, అన్నీ ఆవిడ ఖాతాలోవే. ఒకసారి రామమందిరంలో భజన మంచి ఊపులో ఉండగా వేలు పైకెత్తి “ఉస్స్” అంది. తబలా ఆగింది, తాళాలు ఆగాయి, దేవుడి ఎదుట అంతమంది నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. అప్ప కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, మూలనున్న బెంచీ కింద వదులైన మర ఒకటి చేత్తో బిగించి, “ఊఁ, ఇప్పుడు పాడండి” అంది. పూజారి ఆచారిగారు మండిపడ్డారు. అప్పకి చీమ కుట్టినట్టైనా లేదు.

“ఎందుకప్పా అంత పట్టింపు? చప్పుడే కదా, పోనిద్దూ” అన్నాను ఒకరోజు.

“సప్పుడు ఊరికినే పుట్టదు పంతులమ్మా. దానికో తల్లుంటాది. తల్లిని ఒట్టుకోకండా పిల్లని కొడితే ఏటి లాభం?” అంది.

ఇక వినయమా, ఆవిడకీ దానికీ ఆమడ దూరం. చప్పుడు పట్టిన రోజున వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చెప్పుకొచ్చేది. కూరలబ్బాయికి చెప్పేది, పాలవాడికి చెప్పేది, వాళ్ళు విన్నా వినకపోయినా చెప్పేది. నాకు ముందు నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చేది. ఆ తర్వాత ఒకరోజు బియ్యంలో రాళ్ళేరుకుంటూ ఆవిడే తన కాలి సంగతి చెప్పింది. అప్పటినుంచి విసుక్కోలేదు.

అప్పది పార్వతీపురం పక్క పల్లె. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని తనే పెంచింది. ఒకసారి ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బస్సులో వెళుతోందట. కాళ్ళ కింద ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. కండక్టరుతో చెప్పింది. “ఆడోళ్ళకి అన్నీ సప్పుళ్ళేనమ్మా” అని వాడు నవ్వాడట, బస్సంతా నవ్విందట. కాస్సేపటికి చక్రం ఊడి బస్సు పొలంలో పడింది. పిల్లని రెండు చేతులా గుండెకి అదుముకుంది కాబట్టి దానికి చిన్న గీత కూడా పడలేదు. అప్ప మోకాలు మాత్రం విరిగింది.

“ఆ దినం నాను గట్టిగా అరిసి ఆపించీవలిసింది. నలుగురూ నవ్వినారని ఊరుకున్నాను. ఆ సిగ్గే నా కాలు తీసినాది” అంది. గొంతులో ఏడుపు లేదు, కోపముంది.

అప్పటినుంచి రోడ్డు మీద నడిచే మోటారు బండి ఏదీ ఎక్కలేదు. రైలు ఎక్కేది. “దానికి పట్టాలున్నాయి, ఎక్కడికి పోతాది?” అనేది. భర్త రైల్వేవాడు కాబట్టి చాలా ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. చెల్లెలికి పెళ్ళయి కాంటాయి దాటాక సముద్రం వైపున్న ఒక పల్లెకి కాపురానికి వెళ్ళింది. మరిది అక్కడ ఉప్పు మళ్ళ మీద సూపర్వైజరు. ఖరగ్‌పూర్ నుంచి రైలు బెల్దా దాకానే. అక్కడినుంచి బస్సే గతి. అందుకని ఎప్పుడూ చెల్లెలే వచ్చి చూసిపోయేది, అప్ప ఒక్కసారీ ఆ ఊరి మొహం చూడలేదు.

ఆ ఏడు చెల్లెలికి మళ్ళీ నెల తప్పింది. అంతకుముందు రెండు కానుపులు నిలవలేదు. ఈసారి కదలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. దసరాల తర్వాత కానుపు. మరిది వచ్చి చెప్పాడు: “అప్పా, దానికి ఇంకేటీ అక్కర్నేదు. నువ్వుంటే సాలట. నువ్వు రావని దానికీ తెల్సు, అయినా రోజూ అదే మాట.”

మరిది వెళ్ళాక అప్ప రెండు రోజులు ఏ చప్పుడూ పట్టించుకోలేదు. గిన్నెలు కిర్రుమంటున్నా కూర్చునే ఉంది. నాకు భయం వేసింది. బెల్దానుంచి ఎడ్లబండిలో పోతానంది. బావగారు నెత్తి కొట్టుకున్నారు. “ఒలే, నీ ఎడ్లబండి ఎల్లేతలికి ఆ పిల్లో పిల్లోడో నడిసి ఎదురొస్తాడు” అన్నారు.

ఆ రోజుల్లోనే ఒక ఇంజను డ్రైవరు దొర ఇల్లూ వాకిలీ అమ్ముకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడు. ఆంగ్లో ఇండియన్లు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్న కాలం అది. ఆయన దగ్గర పాత నల్ల కారు ఒకటి ఉండేది. బావగారు ఎవరితోనూ చెప్పకుండా దాన్ని కొనేశారు. దొర దగ్గరే తోలడం నేర్చుకుని, ఒకరోజు సాయంత్రం తెచ్చి గుమ్మం ముందు పెట్టారు. వీధంతా పోగైంది. గూడ్సు గార్డు కారు కొనడమేమిటని నోళ్ళు నొక్కుకున్నారు. బావగారు చక్రాల వెనక చెక్కముక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు ఇంకోసారి పైకి లాగి, అప్ప వైపు తిరిగి, “మన సొంత బండి. నువ్వు ఆపమంటే ఆగుతాది. నీ మాటకి నవ్వడానికి ఇందులో కండక్టరు లేడు” అన్నారు.

ఆ మనిషి భార్యతో అంత మెత్తగా మాట్లాడడం నేను అదే మొదలు వినడం. అప్ప పసుపూ కుంకుమా తెచ్చి కారుకి పెట్టింది. ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక ఎక్కాను. అప్ప చీర చెంగు పిడికిట్లో నలిగిపోతోంది. కారు గోల్‌బజారు దాకా వెళ్ళిందో లేదో, కింద టకటకటక మొదలైంది. పెద్ద చప్పుడేమీ కాదు. అప్ప మొహం తెల్లబోయింది. “ఆపండి!” అని అరిచింది. ఆగీ ఆగకుండానే దిగిపోయి, వెనక్కి తిరిగి చూడకుండా, ఈడుస్తున్న కాలితో ఇంటిదాకా నడిచి వెళ్ళింది. మేము కారులో వెనకాలే నెమ్మదిగా వెళ్ళాం. బజారంతా చూసింది.

“ఆ సప్పుడు ఒట్టుకోండి. అది పోతే ఎక్కుతాను” అంది గుమ్మంలో నిలబడి.

రైల్వేవాళ్ళ పద్ధతి ఒకటుంది. ఎక్కడైనా వ్యాగను పట్టా తప్పితే, పట్టాలవాళ్ళూ, బండ్లు బాగుచేసేవాళ్ళూ, బండి నడిపేవాళ్ళూ ముగ్గురూ ఒకేచోట నిలబడి కలిసి చూడాలి. దాన్నే జాయింటు అంటారు. అందులో మామూలుగా జరిగేదేమిటంటే తప్పు పట్టాలదని బండివాడూ, బండిదని పట్టాలవాడూ, చివరికి ఇద్దరూ కలిసి నడిపినవాడిదనీ తేలుస్తారు. బావగారు కారుకి కూడా జాయింటే పెట్టారు. పట్టాల ఇనస్పెక్టరుగారు ఒకరు, వర్క్‌షాపులో క్యారేజీ ఫిట్టరు బెంగాలీ దాదా ఒకాయన, నడిపేవాడి తరఫున బావగారు. ఆదివారం పొద్దున్నే వచ్చారు. అప్ప టీలు ఇచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

పద్ధతి ప్రకారం ముందు బావగారు హ్యాండ్ బ్రేకు బిగించారు. నిలబడిన బండికి బ్రేకు కట్టకుండా దాని కిందికి దూరడం వాళ్ళ ధర్మంలో లేదు. కారుని పట్టాల కింద వేసే స్లీపరు దుంగల మీదికి ఎత్తారు. దాదా వెల్లకిలా కిందికి దూరి సుత్తితో ఒక్కొక్క భాగాన్నీ కొట్టి చూశాడు. ఏదీ కదలదు, ఏదీ మోగదు. ఉన్న మరలన్నీ బిగించాడు. “బౌదీ, బండిలో ఏటీ నేదు, సబ్ ఠీక్ హై. రాస్తాయే ఖరాబు” అన్నాడు ఒళ్ళు దులుపుకుంటూ. బౌదీ అంటే వాళ్ళ భాషలో వదిన. ఇనస్పెక్టరుగారికి రోషం వచ్చింది. తనది రైలు పట్టాలైనా సరే, దారిని అంటే ఊరుకోడు. “రోడ్డు మీద తప్పేటి లేదు. బండిదే” అన్నాడు. కిందికి దింపి తోలారు. టకటకటక. మళ్ళీ ఎత్తారు, బ్రేకు కట్టారు, కొట్టారు. నిశ్శబ్దం. దింపారు. టకటకటక. మధ్యాహ్నానికి ఇద్దరూ ఏకమై తప్పు బావగారి డ్రైవింగుదేనని తేల్చేశారు.

ఆఖరికి ఇనస్పెక్టరుగారికి ఒక ఉపాయం తోచింది. “ఖాళీ వ్యాగనే గలగలలాడతాది గార్డుగారూ. లోడెయ్యండి” అన్నాడు. గోనెసంచుల్లో కంకరరాళ్ళు నింపి కారు వెనక డిక్కీలో పెట్టారు. ఆశ్చర్యం, చప్పుడు పోయింది! వీధి చివరదాకా వెళ్ళొచ్చింది కారు, పిల్లిలాగ. ముగ్గురూ చేతులు కలుపుకున్నారు. దాదా అయితే అప్పకి సలాం కొట్టాడు.

అప్ప కుర్చీలోంచి లేచి వచ్చి, “ఆ సంచులు దింపి తోలండి” అంది. దింపారు. టకటకటక.

“మీరు దాని నోరు నొక్కీసినారు. రోగం అక్కడే ఉన్నాది. అరిసే రోగం నయం, నోరు మూసుకున్న రోగాన్ని నానెక్కడ ఎతుక్కునేది?” అంది. మగవాళ్ళు ముగ్గురూ విసిగిపోయి చెట్టు నీడకి పోయారు. నాకూ విసుగే వచ్చింది, నిజం చెప్పొద్దూ. పండక్కి బళ్ళు మూసేశారు, వీధి చివర దుర్గపూజ పందిట్లో ఢాక్ డోళ్ళు వాయిస్తున్నారు, అక్కడ ఆ పిల్ల రోజులు లెక్కపెట్టుకుంటోంది, ఇక్కడ ఈవిడ పంతం!

అప్ప కారు చుట్టూ ఒకసారి తిరిగింది. బానెట్టు మీద చెయ్యి వేసింది, తలుపు మీద వేసింది. తర్వాత నావైపు చూసింది. ఆ చూపు నాకింకా కళ్ళముందే ఉంది. ఆవిడకి తెలిసిపోయింది. ఆ చప్పుడు కారు కదిలితేనే పుడుతుంది, లోపల కూర్చుంటేనే ఎక్కడుందో అందుతుంది. బయట కుర్చీలో కూర్చుని దాన్ని పట్టడం ఎవరివల్లా కాదు.

“పంతులమ్మా, నువ్వెక్కు. నా పక్కనుండు” అంది.

అప్ప సీటు మీద కూర్చోలేదు. వెనకసీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, విరిగిన మోకాలు ఒక పక్కకి చాపుకుని కింద కూర్చుంది. రేకు మీద అరచెయ్యి ఆనించింది. ఇంకో చేత్తో నా కాలిమడమ పట్టుకుంది. “పోనీండి” అంది, చెట్టు నీడలోంచి వచ్చి తోలడానికి కూర్చున్న బావగారితో. ఆయన పోనిచ్చారు. ఊరవతల సాలువా వైపు ఎర్రమట్టి రోడ్డు, ఎగుడు దిగుడు. చప్పుడు మొదలైంది. అప్ప గోళ్ళు నా మడమలో దిగబడ్డాయి. చెమటతో ఆవిడ జాకెట్టు తడిసిపోయింది. రామ రామ అనుకుంటోంది పైకే. అయినా అరచెయ్యి మాత్రం కదులుతోంది. ముందుకి. కాదు. తలుపు వైపు. కాదు. మధ్యకి.

“ఇక్కడ బలంగా ఉన్నాది. ఇంకా తోలండి.”

కొంతదూరం పోయాక నా మడమ వదిలేసి, రెండో చెయ్యి కూడా రేకు మీద పెట్టింది. తల పక్కకి వంచింది. నాకు తెలిసిన అప్ప వచ్చేసింది. ఆవిడ ఇప్పుడు కారులో లేదు, వంటింట్లో అర ముందర ఉంది.

రోడ్డు ఒకచోట దిగువకి వాలింది. చప్పుడు ఠక్కున ఆగింది. పల్లం దాటి చదునుకి రాగానే మళ్ళీ మొదలు.

“ఎనక్కి తిప్పండి. ఆ పల్లం మళ్ళీ దిగండి” అంది అప్ప. తిప్పారు. పల్లంలో చప్పుడు లేదు. చదునులో ఉంది.

“పల్లంలో బరువు ముందుకొస్తాది కదేటి, అందుకే” అన్నారు బావగారు.

“ఉస్స్. బరువు మాట ఒగ్గీండి. మీ సెయ్యి ఏటి సేసినాది?”

“నా సెయ్యా?”

“పల్లం దిగినప్పుడు మీ సెయ్యి కిందకెల్లినాది. నాను కింద కూకున్నాను, నాకగుపడతంది. దేన్ని ఒట్టుకున్నారు?”

బావగారు తన చేతివైపు తనే వింతగా చూసుకున్నారు. గూడ్సు బండి పల్లం దిగుతుంటే చివర బ్రేకువ్యానులో గార్డు చేతిబ్రేకు కొంచెం బిగించి పట్టాలి, లేకపోతే వ్యాగన్లన్నీ ఇంజను మీద పడతాయి. ఆయన చెయ్యి ఏళ్ళతరబడి చేసిన పని అది. కారులోనూ పల్లం కనబడగానే, ఆయనకి తెలియకుండానే, హ్యాండ్ బ్రేకు కాస్త పైకి లాగి పట్టుకుంటున్నారు.

“ఇప్పుడు సదునులోనే కొంచెం లాగండి” అంది అప్ప. లాగారు. చప్పుడు ఆగింది. “ఒగ్గీండి.” టకటకటక. “లాగండి.” లేదు.

“దొరికినావే దొంగముండా!” ఆ కేకకి రోడ్డు పక్క పొలంలో పనిచేసుకుంటున్నవాళ్ళు తల ఎత్తి చూశారు. “పట్టుకుంటే ఊరుకున్నాది, ఒగ్గీస్తే కొట్టుకుంటంది! ఆ బ్రేకుదే! ఆ ముగ్గురు మహానుబావులూ దాన్ని బిగించి మరీ ఎతికినారు, అదెలా మోగుతాదండీ!”

బావగారు కారు ఆపి, అలవాటుగా బ్రేకు బిగించబోయి, చెయ్యి గాల్లోనే ఆపేశారు. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. నవ్వి నవ్వి నాకు పొట్ట పట్టేసింది. నవ్వు తగ్గాక బావగారు మెల్లగా, “ఒలే, ఎక్కడున్నావో తెల్సా? సాలువా దగ్గర. కారులో వొచ్చినావు” అన్నారు. అప్ప కిటికీలోంచి బయటికి చూసింది. ఆవిడకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. “అయితే ఏటి? ఇంటికి నడిపిస్తారా నన్ను?” అని కసిరింది. తిరుగుప్రయాణంలో ముందు సీట్లో కూర్చుంది.

దాదా ఈసారి బ్రేకు వదిలేసి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి కిందికి దూరాడు. బ్రేకు లివరు నుంచి వెనక చక్రాలకి పోయే ఇనపకడ్డీ ఒక రింగులోంచి వెళుతుంది. ఆ రింగులో ఉండాల్సిన తోలు అరిగి ఎప్పుడో రాలిపోయింది. బ్రేకు లాగినా, డిక్కీలో బరువు పడినా కడ్డీ బిగుసుకుని ఊరుకుంటోంది, వదులుగా ఉంటే రింగుకి కొట్టుకుంటోంది. అంతే, ఇంకేమీ లేదు. దాదా తోలుముక్క ఒకటి కోసి బిగించి, కడ్డీ చివర కొత్త పిన్ను వేశాడు. బయటికి వచ్చి, “బౌదీ, వర్క్‌షాపుకి రండి. నా నౌకరీ మీరు తీసుకోండి” అన్నాడు. “మీ వర్క్‌షాపులో అందరూ బ్రేకులు కట్టుకునే పని సేస్తారట, నాకొద్దు” అంది అప్ప. ఆ సాయంత్రం వీధిలో ఆ కథ విననివాళ్ళు లేరు. పూజా పందిట్లో ఢాక్ వాయించేవాణ్ణి కూడా ఆపి చెప్పింది. ఇనస్పెక్టరుగారు మాత్రం చాలాకాలం, చప్పుడు పట్టింది జాయింటులోనే అని చెప్పుకుని తిరిగాడు.

మర్నాడే బయల్దేరాం. మా ఆయనకి సెలవు దొరకలేదు, బడి సెలవులు కాబట్టి నన్ను పంపారు. బెల్దా దాటాం, ఎగ్రా దాటాం. దారి పొడుగునా అప్ప ఒక చెయ్యి డాష్‌బోర్డు మీదే ఉంచింది. భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఎదురుగా బస్సు వస్తే కళ్ళు మూసుకునేది. అది దాటిపోగానే తెరిచేది. కాంటాయి దాటాక ఉప్పుగాలి తగిలింది.

చెల్లెలు పెరట్లో అరుగు మీద కూర్చుని ఉంది. మా కారు వచ్చిన చప్పుడు ఆ పిల్లకి వినబడనే లేదు. అప్ప ఇల్లంతా దాటుకుంటూ పెరటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. చెల్లెలు తలెత్తి చూసి, నమ్మలేక, “బస్సులోనేటి?” అంది.

“సీ, బస్సేటి! మన కారే!” అంది అప్ప, మొహం చింకి చాటంత చేసుకుని.

నాలుగు రోజులు అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు విడిచిపెట్టి ఉండలేదు. అయిదోరోజు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళో మంత్రసాని వచ్చి చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, నావల్ల కాదు, వెంటనే కాంటాయి ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. బస్సు సాయంత్రం దాకా లేదు. మరిది ఉప్పు మళ్ళల్లో ఉన్నాడు. బావగారు కారు తీశారు.

వెనకసీట్లో అప్ప కూర్చుని చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. వానలకి ఆ రోడ్డంతా గుంటలే. బావగారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒక్కో గుంటా చూసి చూసి తోలుతున్నారు. ఆయన చెయ్యి హ్యాండ్ బ్రేకు వైపు పోతోంది. చెల్లెలు గట్టిగా మూలిగింది.

“బేగి తోలండి!” అంది అప్ప.

“గుంటలే...”

“గుంటలుంటే ఉన్నాయి! ఇది గూడ్సు బండనుకున్నారేటి? ఆ బ్రేకు మీంచి సెయ్యి తియ్యండి! మెయిలు లాగ తోలండి, మెయిలు లాగ!”

బావగారు తోలారు. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన అలా తోలగా నేను చూడలేదు. తలుపులు కొట్టుకున్నాయి, డిక్కీ మూత ఎగిరెగిరి పడింది, ఎక్కడో ఒక అద్దం ఊడి గలగలమంది. కారంతా ఒకటే మోత. అప్ప ఒక్కసారి కూడా తల వంచి వినలేదు. చెల్లెలి నుదురు నిమురుతూ, “బేగి, ఇంకా బేగి” అంటూనే ఉంది.

ఆస్పత్రిలో చెల్లెల్ని లోపలికి తీసుకుపోయారు. అప్పని ఎవరూ ఆపలేకపోయారు, ఆవిడా పోయింది. బావగారూ నేనూ వరండాలో మిగిలాం. ఎంతసేపైందో నాకు తెలియదు. ఎండ ఇంకా ఉంది.

అప్ప బయటికి వచ్చింది. చీర నిండా మరకలు, జుట్టంతా విడిపోయి ఉంది. అంతదాకా ఆ మనిషి కంట తడి చూసి ఎరగను. ఇప్పుడు బొటబొటా కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు.

“ఆడపిల్ల పంతులమ్మా! తల్లీ పిల్లా సేమం” అంది. భర్త భుజం మీద చెయ్యి వేసి, ఆస్పత్రంతా వినబడేలాగ, “నానొచ్చినానండీ! దానికాడికి నానొచ్చినాను!” అంది.